కూలరు వేస్తేనే మాట్లాడిన మనిషి

మొన్న మా కోడలు పద్మ పాత కూలరును తుక్కు సామాను కొనే భంగారువాడికి ఇచ్చేద్దామని గడప దాకా ఈడ్చింది. రేకు తుప్పు పట్టింది. పక్కల గడ్డి ఎప్పుడో రాలిపోయింది. నీళ్లు పోస్తే గాలి కంటే ముందు ఆ నీళ్లే మన మీదికొస్తాయి. దాన్ని ఉంచమనడానికి నా దగ్గర పనికొచ్చే కారణం ఒక్కటీ లేదు. అయినా ఆగమన్నాను. "ఎందుకత్తమ్మా, మనిషి తిరిగే జాగ గూడ లేదు. గాలి రాదు, ఏం రాదు" అంది పద్మ. "గాలికి కాదే, చప్పుడుకు" అన్నాను. పద్మ నవ్వి చీర కుచ్చిళ్లు దోపుకుని కూలరు పక్కనే కూలబడింది. ఆమెకు తెలుసు. తెలియని వాళ్ల కోసం రాస్తున్నాను. నాకు అక్షరాలు తల నెరిశాక వచ్చాయి కాబట్టి నగిషీలు చెక్కడం రాదు. ఉన్నది ఉన్నట్టు చెప్తాను, వినండి.

మాది సూరత్, మగ్గాల పనికి వలసొచ్చిన తెలుగువాళ్లం. ఉన్ అనే పేటలో కింద రెండు గదులు, పైన డాబా. మా ఆయన నర్సయ్య బతుకంతా సాంచలు నడిపాడు. కరెంటు మగ్గాన్ని మేం సాంచ అంటాం. కొడుకు రాజేశం జోల్వాలో ఒక కార్ఖానాలో చెడిపోయిన సాంచలను బాగుచేసే మేస్త్రీ. వాడికి ఒక్కతే బిడ్డ, అఖిల. ఆ పిల్ల డాక్టరు చదవలేదు, కంప్యూటరు చదవలేదు. పోట్లాడి పోట్లాడి అహ్మదాబాదుకు పోయి సినిమా తీయడం చదవబట్టింది. "సినిమాను చూస్తరు గని చదువుతరా?" అని మా గల్లీ అంతా అడిగింది. నేనూ అడిగాను. ఆ రోగం వచ్చిన ఏడు కాలేజీ మూసేస్తే, భుజానికి ఒక సంచీ తగిలించుకుని ఇంటికొచ్చింది. అప్పుడు తెలిసింది ఏం చదువుతుందో.

ముందు ఆ నిశ్శబ్దం గురించి చెప్పాలి. సాంచల ఊళ్లో చప్పుడు అనేది గాలిలాంటిది, ఉన్నట్టు ఎవరికీ తెలియదు. పక్క గల్లీలో, వెనక గల్లీలో, రాత్రీ పగలూ టకటకమంటూనే ఉండేవి. అవన్నీ ఒక్కసారి ఆగిపోయేసరికి నాకు చెవుల్లో నీళ్లు దూరినట్టయింది. గోడ గడియారం కొట్టుకోవడం వినబడింది. పక్కింటావిడ మొగుణ్ని తిట్టే తిట్లు మాటమాటా వినబడ్డాయి, ఆవిడకు అంత తెలుగు వచ్చని అప్పుడే తెలిసింది. మా ఆయన మంచం మీద కూర్చుని, ఎవరో పిలిచినట్టు మాటిమాటికీ తలుపు వైపు చూసేవాడు. ఆయన ముందునుంచీ మాట తక్కువ మనిషి. ఆ రోజుల్లో ఆ ఉన్న నాలుగు మాటలూ పోయాయి.

అఖిలకు మాత్రం ఇల్లు కొత్తగా దొరికింది. పొద్దున్నే డాబా మీదికి పోయేది, సిగ్నలు అక్కడే వస్తుందని. నెత్తిన తడి తువ్వాలు వేసుకుని, నీళ్ల ట్యాంకు నీడలో కూర్చుని ఫోన్లో పాఠాలు వినేది. కిందికొస్తే గోడలు చూసేది. నిజంగా గోడలే. వంటింటి గోడ మీద ఎండ ఎప్పుడు పడుతుందో, ఎప్పుడు గిన్నెల మీదికి జరుగుతుందో, బొగ్గుతో గీతలు పెట్టుకుంది. పద్మ తిడితే "మమ్మీ, అది నా లైట్" అనేది. చీరల కంపెనీలు అచ్చేసే రంగుల పుస్తకాలు ఈ ఊళ్లో ఎక్కడబడితే అక్కడ దొరుకుతాయి. వాటిలో ఆడపిల్లల మొహాలు వదిలేసి, వెనకాల ఉన్న ఆకాశాలు, మెట్లు, కిటికీలు కత్తిరించి బీరువా తలుపుకు అంటించింది. "చీర లేకుంట చీర బొమ్మేందే?" అంటే, "చీర అందరు చూస్తరు బాపమ్మా. చీర ఎనక ఏమున్నదో ఎవ్వరు చూడరు" అంది. ఒకరోజు అట్టముక్కకు నలుచదరంగా కంత కోసి నా కంటికి ఆనించింది.

"దీంట్లకెళ్లి చూస్తే పెద్దగ కనబడుతదా?" అన్నాను.

"లేదు. తక్కువ కనబడుతది. గందుకే మంచిగ కనబడుతది."

చూశాను. మా ఆయన పాదం, మంచం కోడు, దాని మీద పాకే చీమ. ఇన్నేళ్లలో ఆయన పాదం అంత సేపు ఎప్పుడూ చూడలేదు. చిటికెన వేలు పక్క వేలి మీదికి ఎక్కి ఉంది.

సినిమా అంటే ఇన్ని అవస్థలని నాకు తెలియదు. గ్యాసు బండ కింద పెట్టే చక్రాల స్టాండును లాక్కుపోయి, దాని మీద ఫోను నిలబెట్టి గదంతా నెమ్మదిగా తోసేది. బండ నేల మీద, ఫోను బండి మీద. రొట్టె పొంగుతుంటే తీసి, "ఫిర్ సే, బాపమ్మా, ఇంకొక్కపారి పొంగియ్యి" అనేది. "పొంగిన రొట్టె మళ్ల పొంగుతదానే, పిచ్చిమొకమా! పిండి మీ నాయిన తెచ్చిస్తడా?" అన్నీ సహించాను గానీ చీర దగ్గర ఓర్పు పోయింది. ఇవాళ మొదలుపెట్టిన ముక్క రేపు కూడా కలవాలట, అందుకని అదే చీర కట్టాలట. ఉతికి ఆరేసి మళ్లీ అదే ఆకుపచ్చ చీర, మళ్లీ అదే. గల్లీలో పాలు తెచ్చే గుజరాతీ ముసలమ్మ జాలిగా చూసి, "సూరత్‌లో ఉండి నీకు ఒక్కటే చీరనా, బెన్?" అని అడిగేసింది. లోకానికంతా చీరలు పంపే ఊళ్లో నాకు దక్కిన గౌరవం అది.

ఇక అసలు సంగతి. ఒక మధ్యాహ్నం పిల్ల డాబా మీద ఉండగా రాజేశం మా మంచం దగ్గరికొచ్చి, గొంతు తగ్గించి చెప్పాడు.

"అవ్వా, కార్ఖానా తెరుస్తరో తెర్వరో తెల్వదు. పిల్లను ఇగ పంపను. ఈ ఏడుతోని బంద్. చీరల ఫోటోలు కంప్యూటర్ల దిద్దే పని ఉన్నదట, మా దోస్తు జెప్పిండు. ఇంటికాన్నే ఉంటది."

"ఆమెకు జెప్పినవా?"

"పరీచ్చ సినిమ ఏదో తీస్తున్నది గదా. అది కానియ్. అప్పుడు జెప్త. నువ్వు మాత్రం నోరు ఇప్పకు."

వాణ్ని నేను దుర్మార్గుడనను. తోటి పనివాళ్లు మూటలు నెత్తిన పెట్టుకుని నడిచిపోతుంటే చూసొచ్చిన మనిషి. బిడ్డను రెక్క కింద పెట్టుకోవాలనుకున్నాడు. కానీ నాకు కోపం వచ్చింది. అది అఖిల గురించే కాదని నాకు తర్వాత తెలిసింది.

పిల్ల తీయాల్సిన సినిమాకు ఒక షరతు ఉంది. ఇల్లు దాటకూడదు, అందులో ఒక్క మాట కూడా ఉండకూడదు. ఏం తీయాలో తోచక తిరుగుతూ ఒకరోజు నూలు కండెలు చుట్టే నా పాత తకిలీని చూసి అడిగింది. "బాపమ్మా, అంత లొల్లిల మీరు ఎట్ల మాట్లాడుకునేటోళ్లు?" "చేతులతోని" అన్నాను. నేనేదో గుప్త ధనం చూపించినట్టు పిల్ల నా చేతుల వంక చూసింది.

నేను సూరత్‌కు వచ్చింది కొత్త పెళ్లికూతురుగా. రైలు దిగిన మర్నాడే మా అత్త నన్ను కార్ఖానాకు తీసుకుపోయింది. తలుపు తీయగానే ఆ చప్పుడు ఎవరో ఛాతీ మీద చెయ్యి పెట్టి వెనక్కి నెట్టినట్టు తగిలింది. ఏడ్చాను. ఏడ్చినట్టు నాకే వినబడలేదు. లోపలంతా యంత్రపు నూనె, వేడెక్కిన తోలు పట్టా, బీడీ పొగ, చెమట కలిసిన వాసన. నూలు దుమ్ము కనురెప్పల మీద వాలేది. సాయంత్రానికి అందరమూ ముసలివాళ్లలా తెల్లబడి బయటికొచ్చేవాళ్లం. మగవాళ్లు సాంచల దగ్గర, ఆడవాళ్లం మూలన కండెలు చుట్టే దగ్గర. అక్కడ అరిచినా లాభం లేదు. అందుకే అందరికీ చేతుల భాష ఉండేది. మా అత్త దాన్ని నాకు గిల్లి గిల్లి నేర్పింది. రెండు అరచేతులు కలిపి గడ్డం కింద సాసరులా పెడితే చాయ్. పొట్ట నిమిరితే సేఠ్ వస్తున్నాడని. అయిదు వేళ్లు కూడదీసి నోటి దగ్గర పెట్టుకుని అవతలివాడి మీదికి విసిరితే 'నువ్వు చెప్పు' అని. ఒక అరచేతిలో రెండో చేతి వేలితో అడ్డంగా గీత గీస్తే, 'సాంచ మధ్యలో ఆపకు' అని. మధ్యలో ఆపి మళ్లీ నడిపితే బట్టలో ఆగినచోట అడ్డంగా గీత పడుతుంది. ఎంత ఉతికినా, ఎంత రంగేసినా అది పోదు.

మనుషులకూ గుర్తులు ఉండేవి. మా అత్త చెవులకు పెద్ద గెంటీలు ఉండేవి కాబట్టి చెవి తమ్మె లాగితే ఆమె. రాజేశం ఆ మూలన చీర ఉయ్యాలలోనే పెరిగాడు. వాడికి నోటి మాట కంటే చేతి మాట ముందు వచ్చింది. వాడు నిలబడ్డాక వాడి గుర్తు మోకాలి ఎత్తు దగ్గర చెయ్యి చాపడం. వాడు తలుపు చట్రం అంత పెరిగాడు, మీసాలు నెరిశాయి, మా ఇద్దరికీ వాడి గుర్తు మాత్రం మోకాలి దగ్గరే ఆగింది.

ఆ రోజుల్లోనే మా గల్లీలో ఒక మేష్టారు భార్య మధ్యాహ్నాలు అరుగు మీద ఆడవాళ్లకు తెలుగు అక్షరాలు చెప్పేది. పలకా బలపమూ ఆమే ఇచ్చేది. నాకు పోవాలని ఎంత ఆశో! బస్సు మీద రాసింది, మందు సీసా మీద రాసింది, అన్నీ నన్ను చూసి వెక్కిరిస్తున్నట్టు ఉండేవి. మా అత్త "నువ్వు బలపం పడితే కండెలెవరు సుడుతరే?" అని కార్ఖానాలోనే తేల్చేసింది. చేతులతోనే. నేను సాంచల వరసల మీదుగా మా ఆయన వైపు తిరిగి వేళ్లు కూడదీసి నోటి దగ్గర్నుంచి విసిరాను. నువ్వు చెప్పు. ఆయన చూశాడు. చేతులు కిందికి వేలాడేసి, సాంచ వైపు తిరిగిపోయాడు. అంతే. నాకు అక్షరాలు రావడానికి అఖిల పుట్టి, దానికి తెలుగు వాచకం కొనేదాకా పట్టింది. ఇద్దరం ఒకే పుస్తకం ముందు కూర్చున్నాం. దానికి ఆటలా వచ్చాయి. నాకు కుస్తీలా వచ్చాయి.

ఇదంతా పిల్లకు చెప్పలేదు. చేతుల సంగతి వరకే చెప్పాను. "బస్, ఇదే నా సినిమ! తాత, నువ్వు. చేతులు మాత్రమే" అని ఎగిరింది. తాతను కుర్చీలో, నన్ను ఎదురుగా వంటింటి గడపలో, మధ్యలో తన ఎండ. థర్మోకోల్ షీటుకు రొట్టెలు చుట్టే వెండి కాగితం అంటించి, పద్మ చేత పట్టించి నా మొహాన వెలుగు కొట్టించింది. "తాతా, ఇగ మాట్లాడు చేతులతోని."

ఆయన చేతులు లేవలేదు. మొహమాటంగా ఒకసారి చాయ్ అని చూపించాడు. గుడిలో ప్రసాదానికి పట్టినట్టుంది. మళ్లీ అడిగితే మళ్లీ అంతే. నాకూ రాలేదు. ఆ నిశ్శబ్దంలో చెయ్యి ఎత్తితే ఎవరినో వెక్కిరిస్తున్నట్టు సిగ్గేసింది. రెండు రోజులు అలాగే గడిచాయి. అదే ఆకుపచ్చ చీర. పిల్ల గోడకు తలానించి కూర్చుంది. "తాత మరిసిపోయిండా బాపమ్మా?" చూడలేక అడిగాను ఆయన్నే.

"సప్పుడు లేదు గదనే. సప్పుడు లేకుంటె సేతులెట్లొస్తయ్?"

అఖిల లేచి కూలరు స్విచ్చి నొక్కింది. అది అప్పటికే ముసలిది. గడగడా వణికి, రేకు కొట్టుకుంటూ మొదలైంది. "సాలదు" అన్నాడు ఆయన. మిక్సీలో ఇంత శనగపప్పు వేసి తిప్పింది. పద్మ కుట్టుమిషను మోటారు వేసింది. ఇల్లంతా అదిరింది. పక్కింటావిడ కిటికీలోంచి అరుస్తున్నట్టుంది, నోరు ఆడటం కనిపించింది, మాట వినబడలేదు. నేను గిర్రున తిరిగి మా ఆయన్ని చూశాను. ఆయన భుజాలు కిందికి దిగాయి. మెడ నిటారైంది. ఒక సాంచ దగ్గర నిలబడినట్టు కుర్చీలోనే కాస్త పక్కకు ఒరిగాడు. చేతులు వాటంతటవే లేచాయి. ఏం చేస్తున్నావని అడిగాడు నన్ను. చప్పుడు లేని సినిమా తీయడానికి ఇంత చప్పుడా అని నాకు నవ్వొచ్చింది. ఆ వెంటనే నేను దాచుకున్న కోపం చేతుల్లోకి వచ్చేసింది.

మోకాలి దగ్గర చెయ్యి చాపాను. మీ కొడుకు. గాలిని కోశాను. ఆపుతున్నాడు. అఖిలకు మా భాషలో గుర్తు లేదు, అప్పటికప్పుడు నాలుగు వేళ్లతో చదరం చేసి కంటి ముందు పెట్టుకున్నాను. దాని చదువును. ఫోను వెనక అఖిల నవ్వుకుంది, తనను వెక్కిరిస్తున్నాననుకుంది. వేళ్లు నోటి దగ్గర కూడదీసి ఆయన మీదికి విసిరాను. నువ్వు చెప్పు.

ఆయన రెండు చేతులూ వెల్లకిలా తిప్పాడు. వాడి బిడ్డ, వాడిష్టం.

అప్పుడు నేను చెవి తమ్మె లాగాను. ఆనాడు మీ అమ్మ. అరచేతిలో వేలితో రాశాను. నా అక్షరాలు. తర్వాత నా చేతులు రెండూ కిందికి వేలాడేసి చూపించాను, ఆయన ఆనాడు వేలాడేసినట్టే.

ఆయన కదల్లేదు. కూలరు గడగడలాడుతోంది. ఆయన కళ్లు నా చేతుల మీదే ఉన్నాయి. ఎంతసేపో తెలియదు, పద్మ పట్టుకున్న వెండి కాగితం మీద వెలుగు నా మొహం దాటి గోడకెక్కింది. చివరికి ఆయన తన గుండె తాకి, వేళ్లు కూడదీసి నోటి దగ్గర పెట్టుకున్నాడు. నేను చెప్తాను.

చప్పుళ్లన్నీ ఆగాక అఖిల పరుగెత్తుకొచ్చింది. "బాపమ్మా, ఏమన్నడు తాత? నోటికాడ చెయ్యి పెట్టిండు, తాగుతున్నట్టు. చాయా?"

"ఆఁ, చాయే" అన్నాను. ఇంకేం చెప్పను? మీ నాన్న నీ కాళ్లకు తాడు కట్టబోతున్నాడని చెప్పనా? తప్పనిపించలేదు, ఇప్పటికీ అనిపించదు.

పిల్ల ఆ మాట పట్టుకుని సినిమా కూర్చింది. మా చేతులు, ఆయన ఆగిపోవడం, నోటి దగ్గర చెయ్యి, ఆ వెంటనే పొయ్యి మీద పొంగే చాయ్, సాసరులో పోసిన చాయ్ మీద జరిగే ఎండ. కింద ఒక్క చప్పుడు లేదు, అంతా తీసేసింది. వాళ్ల సార్ ఫోన్లో తెగ మెచ్చుకున్నాడట. ఒక్క కప్పు చాయ్ అడగడానికి ముసలాయన అంతసేపు ఎందుకు ఆలోచించాడో, ఆ ఆగడంలో ఎంత బరువుందో అన్నాడట. బరువుంది నాయనా, చాయ్‌ది కాదు.

ఇంతకీ మా ఆయన చెప్తానన్నాడే గానీ చెప్పలేదు. రాజేశం ఎదురుగా తిరిగాడు, తిన్నాడు, పడుకున్నాడు. ఈయన గోడ చూస్తూ కూర్చున్నాడు. నేను గుచ్చి గుచ్చి చూస్తే తల దించుకునేవాడు. సినిమా పాసైందని తెలిసిన సాయంత్రం వాన పడుతోంది. అఖిల ఇంటిల్లిపాదినీ కూర్చోబెట్టి ఫోను బీరువాకు ఆనించి ఆడించింది. రాజేశానికి ఆ భాష వచ్చని పిల్లకు తెలియదు. నాకు తెలుసు, ఆ సంబరంలో నేనూ మరిచిపోయాను. మోకాలి దగ్గర నా చెయ్యి కనబడగానే వాడి నవ్వు ఆగిపోయింది.

"చూడు డాడీ, ఇక్కడ తాత చాయ్ కోసం ఎంత సోచాయిస్తడో! సార్‌కు గిదే నచ్చింది."

"చాయా?" అన్నాడు రాజేశం. "ఎవలు జెప్పిన్రు నీకు?"

"బాపమ్మ."

వాడు నా వైపు చూశాడు. నేను వాన వైపు చూశాను. "ఇంకోపారి వెయ్" అన్నాడు. మళ్లీ చూశాడు. నేను చెవి తమ్మె లాగినచోట, అరచేతిలో రాసినచోట ముందుకు వంగాడు. నాకు చదువు ఎందుకు రాలేదో ఆ ఇంట్లో పుట్టి పెరిగినవాడికి అప్పటిదాకా తెలియదు. సినిమా అయిపోయింది. వాడు లేచి వెళ్లి కూలరు స్విచ్చి వేశాడు.

"వాన పడుతుంటె కూలరేందయ్యా?" అంది పద్మ. ఆ గడగడలో ఆమె మాట సగం మునిగిపోయింది.

రాజేశం వాళ్ల నాన్న ఎదురుగా నిలబడ్డాడు. అయిదు వేళ్లు కూడదీసి, నోటి దగ్గర్నుంచి ఆయన మీదికి విసిరాడు. నువ్వు చెప్పు.

మా ఆయన నన్ను చూశాడు. నేనేమీ సైగ చేయలేదు, ఈసారి ఆయన మాట ఆయనదే కావాలి. ఆయన ఎడమ అరచెయ్యి కొడుకు ముందు చాపాడు. కుడిచేతి వేలితో దాని మీద అడ్డంగా, నెమ్మదిగా ఒక గీత గీశాడు. అంతకు మించి ఒక్క సైగా లేదు.

సాంచలు బాగుచేసే మేస్త్రీకి, మధ్యలో ఆపితే పడే ఆ గీత గురించి విప్పి చెప్పక్కర్లేదు. రాజేశం కూలరు బంద్ చేసి, తువ్వాలు భుజాన వేసుకుని, గడప దాటుతూ వెనక్కి తిరక్కుండానే అన్నాడు.

"అఖిలా, కాలేజి ఎప్పుడు తెరుస్తరటనే? సామాను తీస్కపోవుడు ఉంటది గదా."

"తాత ఏమన్నడు?" అని పిల్ల నా మీద పడింది. "చాయ్ వద్దన్నడు" అన్నాను. పద్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది.

అఖిల తర్వాత అసలు సంగతి లాగింది, అందరి దగ్గరా కొంచెం కొంచెం. సినిమా మార్చనా అని అడిగింది. వద్దన్నాను. చూసేవాళ్లకు చాయ్ చాలు. ఇప్పుడు బొంబాయిలో ఎవరి సినిమాలనో కత్తిరించి అతికిస్తోంది. సెలవుకొచ్చినప్పుడు ఆ చేతులన్నీ నా దగ్గర నేర్చుకుంది. నేర్చుకున్నది ఆమె ఒక్కతే. కొత్త కార్ఖానాల్లో పిల్లలు చెవుల్లో ఏవో పెట్టుకుంటారు, పక్క సాంచవాడికి కూడా ఫోన్లో రాసి పంపుతారు. మాకు అక్షరాలు లేక చేతులు వచ్చాయి. వాళ్లకు అక్షరాలున్నాయి, చేతులు అక్కర్లేదు. ఏది మంచిదంటే నేను అక్షరాలే అంటాను. కుస్తీ పట్టి గెలిచినదాన్ని, ఇంకోటి ఎలా అంటాను? కానీ మోకాలి ఎత్తు దగ్గర చెయ్యి చాపి పిలిచే పిలుపు ఏ అక్షరంలో ఉందో ఎంత వెతికినా దొరకలేదు.

మా ఆయనకు ఇప్పుడు అసలు వినబడదు. సాంచలు తీసుకోవాల్సిన చెవులు తీసేసుకున్నాయి. నోరు ముందే లేదు, చప్పుడు పోయాక చేతులూ పోయాయి. అడిగితే తల ఊపుతాడు, లేదంటే అదీ లేదు. మొన్న గడపలో కూలరును పట్టుకుని భంగారువాడు "చల్తా హై క్యా, మాసీ?" అన్నాడు. నడిస్తే ఒక ధర, నడవకపోతే ఇంకో ధర. ఇచ్చేది లేకున్నా, నడుస్తుందని చూపిద్దామని ప్లగ్గు పెట్టాను. ఎప్పటిలాగే వణికి, రేకు కొట్టుకుంటూ లేచింది. మా ఆయన మంచం మీద అటు తిరిగి ఉన్నాడు. ఆయనకు వినబడే దారి లేదు. కానీ నేల బండలు అదిరాయి. వాటి మీద ఆయన పాదాలున్నాయి, చిటికెన వేలు పక్క వేలి మీదికి ఎక్కిన పాదాలు. మెల్లగా ఇటు తిరిగాడు. భుజాలు దిగాయి. మెడ నిటారైంది. రెండు అరచేతులు కలిపి గడ్డం కింద పెట్టాడు.

ఈసారి నిజంగానే చాయ్. భంగారువాణ్ని పొమ్మని చెప్పి, కూలరును అలా తిరగనిచ్చి, పొయ్యి వెలిగించాను.